ఎదురుచూపు కూడా పనే



పిల్లలూ, వియన్నాలో పుట్టిన హైమన్‌డార్ఫ్ గారు, ఆయన భార్య బెట్టీ మన మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నారు. 1943లో అక్కడే గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. వాళ్లు అంత దూరం నుంచి వచ్చారు. ఇక్కడి నుంచి మనం ఎందుకు పోలేం?

ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల కార్యక్రమం 1970లో ఏర్పడింది. కేంద్ర కార్యాలయం జర్మనీలోని బాన్ నగరంలో ఉంది. 18 ఏళ్లు నిండినవాళ్లు ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవచ్చు. ఎక్కడా ఫీజు లేదు. ఎంపికైతే జీతం కాదు, బతకడానికి భత్యం ఇస్తారు.

మా హాస్టల్‌లో చదివి నర్సింగ్ చేసిన అమ్మాయి నమోదు చేసుకుని ఏడు నెలలైంది. పిలుపు రాలేదు. ఈలోగా ఒక ఏజెంటు, పైసలు కడితే పనైతదన్నాడు. వాళ్ల నాయిన ఎడ్లు అమ్మబోయిండు. మేం పోయి ఆపినం. పేరు నమోదైనంత మాత్రాన పిలుపు వచ్చినట్టు కాదని, ఖాళీకి తగ్గ అర్హత, అనుభవం చూస్తారని చెప్పినం.

ఆమె కరీంనగర్ పోయి పాస్‌పోర్టు తీసుకుంది. ఇప్పుడు ఏజెన్సీ దవాఖానలో పనిచేస్తూ, గోండి మాట్లాడే తల్లులకు మందుల సంగతి వాళ్ల భాషలోనే చెబుతోంది. రాత్రిపూట ఇంగ్లిష్ చదువుతోంది. రేపు దరఖాస్తులో అనుభవం కింద రాసుకునేది ఈ పనే. పిలుపు రాకపోయినా ఈ పని వృథా పోదు.

మన పలకరింపులోనే సేవ ఉంది. ఎవరికీ పైసలు కట్టకండి. ఊరికే కూర్చోకండి.

జై సేవా!