మన ఇంటి కరెంటు ఎక్కడ పుడుతుంది?

 

ఈరోజు మనం కరెంటు గురించి మాట్లాడుకుందాం. స్విచ్ వేస్తే బల్బు వెలుగుతుంది. చేను దగ్గర మోటారు నీళ్ళు పోస్తుంది. నెల కాగానే బిల్లు వస్తుంది. ఇంతవరకు మనకు తెలుసు. మరి ఆ కరెంటు ఎక్కడ పుట్టింది? దేనితో పుట్టించినారు?

చానామంది అక్కలు ఒక మాట అడుగుతుంటారు. "మన నంబులపూలకుంట దగ్గర కనుచూపు మేర సోలార్ పలకలు పరిచినారు గదా. అంత కరెంటు మన పక్కనే పుడుతుంటే సాయంత్రం మన వీధిలో కరెంటు ఎందుకు పోతుంది? బిల్లు ఎందుకు తగ్గదు?" అని. చాలా మంచి ప్రశ్న. దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేం. మెల్లగా చూద్దాం.

మొదట, కరెంటు ఎట్ల పుడుతుంది? మన అవ్వలు రాగులు విసిరిన ఇసుర్రాయి గుర్తుందా? చేత్తో తిప్పితే రాయి తిరుగుతుంది. కరెంటు పుట్టించే యంత్రం కూడా అట్లాంటిదే. అందులో పెద్ద అయస్కాంతం ఉంటుంది. దాని చుట్టూ రాగి తీగ ఉంటుంది. అయస్కాంతం తిరిగితే తీగలో కరెంటు పుడుతుంది. తిరగడం ఆగితే కరెంటు ఆగుతుంది. మరి దాన్ని తిప్పేది ఎవరు?

కడప జిల్లా ఎర్రగుంట్ల దగ్గర రాయలసీమ థర్మల్ కేంద్రం ఉంది. అక్కడ తిప్పేది ఆవిరి. బొగ్గు మండించి నీళ్ళు కాచి ఆవిరి చేస్తారు. అన్నం కుండ మీద మూతను ఆవిరి ఎగరేస్తుంది చూడండి, అదే బలం. ఆ కేంద్రంలో 1994లో మొదటి యంత్రం తిరిగింది. ఇప్పుడు 6 యంత్రాలు ఉన్నాయి. అన్నీ కలిపి 1650 మెగావాట్లు. బొగ్గు దూరం నుంచి రైలు మీద రావాలి. ఒక యూనిట్ కరెంటుకు సుమారు ముప్పావు కిలో బొగ్గు కాలుతుంది. మన దేశపు బొగ్గులో మూడో వంతు దాకా బూడిదే. ఆ బూడిద, ఆ పొగ చుట్టుపక్కల ఊర్ల మీద పడతాయి.

యూనిట్ అంటే ఏమిటో కూడా ఇక్కడే చెప్పుకుందాం. 10 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు 100 గంటలు వెలిగితే ఒక యూనిట్. పాత 60 వాట్ల బల్బు అయితే 17 గంటలు కూడా వెలగదు, యూనిట్ అయిపోతుంది. 75 వాట్ల ఫ్యాను 13 గంటలు తిరిగితే ఒక యూనిట్. ఒక మెగావాటు అంటే 10 లక్షల వాట్లు.

శ్రీశైలంలో తిప్పేది నీళ్ళు. కృష్ణ నీళ్ళు పైనుంచి కిందికి దూకి చక్రాన్ని తిప్పుతాయి. కుడి గట్టు కేంద్రం మన ఆంధ్రప్రదేశ్‌ది, 770 మెగావాట్లు. ఎడమ గట్టు కేంద్రం తెలంగాణది. బొగ్గు లేదు, పొగ లేదు. కానీ మహారాష్ట్రలో, కర్ణాటకలో వానలు పడి కృష్ణకు వరద రావాలి. వరద రాని ఏడాది ఆ చక్రాలకు పని తక్కువ.

ఇక గాలి. మన రామగిరి గుట్టల మీద గాలిమరలు 1990ల నుంచీ ఉన్నాయి. తర్వాత ఉరవకొండ, బెళుగుప్ప, వజ్రకరూరు వైపు కూడా వచ్చినాయి. మన సీమలో గాలి ఎప్పుడు బలంగా వీస్తుంది? చెనక్కాయ విత్తే కాలంలో, జూన్ నుంచి సెప్టెంబరు దాకా. వాన మేఘాన్ని తరిమేస్తుందని మనం తిట్టుకునే గాలే అది. ఆ నాలుగు నెలలూ మరలు బాగా తిరుగుతాయి. చలికాలంలో చానా రోజులు ఊరికే నిలబడి ఉంటాయి.

సోలారుకు మాత్రం చక్రమే లేదు. పలక మీద ఎండ పడితే చాలు, అందులోనే కరెంటు పుడుతుంది. నంబులపూలకుంటలో ఎన్.టి.పి.సి. అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ 250 మెగావాట్ల సోలార్ కేంద్రం పెట్టింది. అది 2016లో మొదలైంది. మిట్టమధ్యాహ్నం ఎండ బాగా కాసినప్పుడు 250 మెగావాట్లు అంటే, 5 హార్స్‌పవర్ బోరు మోటార్లు 60 వేలకు పైగా ఒకేసారి నడిపేంత కరెంటు. కరువు తెచ్చే ఎండే ఇక్కడ పంట. కానీ పొద్దు కుంకితే సున్నా.

గోదావరి జిల్లాల్లో గ్యాస్‌తో నడిచే కేంద్రాలు ఉన్నాయి. 2013 ప్రాంతం నుంచి గ్యాస్ చాలక వాటిలో చానా వరకు పడావు పడినాయి. కర్ణాటకలోని కైగా, తమిళనాడులోని కల్పాక్కం అణు కేంద్రాల నుంచి కూడా మనకు కొంత వాటా వస్తుంది.

ఇన్ని చోట్ల పుట్టిన కరెంటు మన ఇంటికి ఎట్ల వస్తుంది? మన చెరువును తలుచుకోండి. చెరువులోకి నాలుగు వంకల నీళ్ళు వస్తాయి. తూము దగ్గర దోసిలి పట్టి, ఇది ఏ వంక నీళ్ళో చెప్పగలమా? కరెంటూ అంతే. పుట్టిన కరెంటంతా పెద్ద పెద్ద తీగల్లో కలుస్తుంది. దాన్ని గ్రిడ్ అంటారు. నంబులపూలకుంట కరెంటు కూడా నేరుగా కదిరి వీధులకు రాదు. అక్కడి పెద్ద సబ్‌స్టేషన్‌లో 4 లక్షల వోల్టుల తీగల్లో కలిసిపోతుంది. 2013 డిసెంబరు 31న రాయచూరు, షోలాపూర్ మధ్య లైను కలిపిన తర్వాత దేశమంతా ఒకే గ్రిడ్ అయింది. కాబట్టి మన ఎండ కరెంటు ఎవరింట్లోనో వెలుగుతుంది. ఎవరి బొగ్గు కరెంటో మన ఇంట్లో వెలుగుతుంది.

అయితే చెరువుకూ గ్రిడ్‌కూ ఒక పెద్ద తేడా ఉంది. చెరువులో నీళ్ళు నిలుస్తాయి. తీగలో కరెంటు నిలవదు. ఎంత వాడుతున్నామో అంతే, ఆ క్షణంలోనే పుట్టించాలి. మళ్ళీ ఇసుర్రాయి దగ్గరికి వద్దాం. గుప్పెడు గింజలు ఎక్కువ పోస్తే ఏమవుతుంది? రాయి బరువెక్కి నిదానిస్తుంది. అప్పుడు ఇంకొంచెం గట్టిగా తిప్పాలి. గింజలు అయిపోతే రాయి గిర్రున తిరుగుతుంది. అప్పుడు చేయి సడలించాలి. సాయంత్రం అందరూ లైట్లు, టీవీలు వేసినారంటే ఎక్కువ గింజలు పోసినట్టే. విజయవాడలో ఒక ఆఫీసు ఉంది. అక్కడ రాత్రింబగళ్ళు కూర్చొని, ఏ కేంద్రాన్ని పెంచాలి, దేన్ని తగ్గించాలి అని చూస్తూనే ఉంటారు. లెక్క బాగా తప్పితే లైన్లు వాటంతటవే పడిపోతాయి. 2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తర దేశంలో అట్లనే జరిగింది. రెండో రోజు 60 కోట్లకు పైగా జనం ఉండే రాష్ట్రాల్లో కరెంటు పోయింది.

ఇప్పుడు సాయంత్రం సంగతి తెలుస్తుంది. పొద్దు కుంకుతుంది, సోలారు ఆగుతుంది. సరిగ్గా అప్పుడే మనం లైటు వేస్తాం, మిక్సీ వేస్తాం, పిల్లలు పుస్తకం తీస్తారు. ఆ లోటు ఎవరు పూడ్చాలి? బొగ్గు కేంద్రం పొయ్యి లాంటిది. చల్లారిన పొయ్యి వెంటనే అంటుకోదు, గంటలు పడుతుంది. అందుకే పగలంతా దాన్ని సన్నమంట మీద ఉంచుతారు. నీళ్ళ కేంద్రం నిమిషాల్లో లేస్తుంది, నీళ్ళుంటే. ఇంకో ఉపాయం ఉంది. పగలు కరెంటు ఎక్కువగా ఉన్నప్పుడు నీళ్ళను పై చెరువుకు తోడి పెడతారు. సాయంత్రం వాటిని కిందికి వదిలి కరెంటు తీస్తారు. నాగార్జునసాగర్‌లో, శ్రీశైలం ఎడమ గట్టులో అట్ల తోడే యంత్రాలు ఉన్నాయి. నంద్యాల జిల్లా పిన్నాపురం దగ్గర కూడా ఇదే పద్ధతిలో పెద్ద కేంద్రం కట్టినారు. నా మట్టుకు నాకు సోలారు పలకలు ఇంకా పెంచడం కంటే ఇట్ల దాచిపెట్టే పని ముఖ్యం అనిపిస్తుంది.

కానీ ఒక మాట. పొరుగు వీధిలో కరెంటు ఉండి మన వీధిలోనే పోతే, దానికి ఎండా కారణం కాదు, బొగ్గూ కారణం కాదు. మన ట్రాన్స్‌ఫార్మర్ మీద బరువు ఎక్కువై ఫ్యూజు పోయి ఉంటుంది, లేకుంటే తీగ తెగి ఉంటుంది. అప్పుడు 1912 నంబరుకు ఫోను చేసి చెప్పాలి. బిల్లు మీద ఉన్న సర్వీసు నంబరు దగ్గర పెట్టుకొని చేయండి. ఫ్యూజు మనమే వేసుకుందాం అని ఎవరూ ట్రాన్స్‌ఫార్మర్ ముట్టుకోవద్దు.

సోలారు వల్ల మనకు ఒరిగింది ఏమీ లేదా? ఉంది. 2004లో రైతులకు ఉచిత కరెంటు వచ్చింది. కానీ చానా ఏళ్ళు అది విడతలుగా వచ్చేది. కొంత పగలు, కొంత అర్ధరాత్రి. మొగవాళ్ళు టార్చిలైటు పట్టుకొని మోటారు వేయడానికి పోయేవాళ్ళు. మొగదిక్కు లేని ఇండ్లలో ఆడవాళ్ళే పోయేవాళ్ళు. చీకట్లో పాము కరిచి, తడి చేత్తో స్టార్టరు పట్టుకొని ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఇప్పుడు ఎండ కరెంటు పగలే ఎక్కువగా దొరుకుతుంది. కాబట్టి మోటార్లకు పగలే ఇవ్వడం కరెంటు కంపెనీకి కూడా సులువు. పగలు 9 గంటలు అనే మాట దాని మీదే నిలబడి ఉంది. మీ ఊరికి రాత్రిపూట ఇస్తుంటే, ఎందుకని అడగవచ్చు. బోరులో నీళ్ళు లేకుంటే ఏ కరెంటూ ఏమీ చేయలేదు, అది వేరే సంగతి.

ఇంకో పక్క కూడా చెప్పాలి. ఆ సోలార్ పార్కు కింద వేల ఎకరాలు పోయినాయి. పట్టా లేకుండా ఏండ్ల తరబడి దున్నుకున్న వాళ్ళకు పరిహారం దగ్గర పేచీలు నడిచినాయి. జీవాలు మేసే బీడు కంచె లోపలికి పోయింది. పలకల మీద దుమ్ము పడితే కరెంటు తగ్గుతుంది, కడగాలంటే నీళ్ళు కావాలి. పొగ లేని కరెంటుకు కూడా ఎవరో ఒకరు ఖర్చు భరిస్తున్నారు.

ఇక బిల్లు సంగతి. మనకు కరెంటు ఇచ్చేది ఎస్.పి.డి.సి.ఎల్. అనే కంపెనీ. దాని పెద్దాఫీసు తిరుపతిలో ఉంది. అది కరెంటు కొని మనకు పంచుతుంది. 2017లో కడప జిల్లాలో పెట్టబోయే సోలార్ కేంద్రానికి వేలం జరిగితే యూనిట్ ధర 3 రూపాయల 15 పైసలు పలికింది. అంత చవక. కానీ రాత్రికి సోలారు లేదు గదా. సాయంత్రం లోటు పడితే కరెంటు బజారులో కొనాలి. అక్కడ యూనిట్ 10 రూపాయలు దాటకూడదని 2023లో హద్దు పెట్టినారు. సాయంత్రం పూట ధర ఎన్నోసార్లు ఆ హద్దు దాకా పోయింది. ఇది కాక, బొగ్గు కేంద్రాలకు కరెంటు తీసుకున్నా, తీసుకోకున్నా కొంత డబ్బు కట్టాలి. కాడెద్దులకు దుక్కి ఉన్నా లేకున్నా మేత వేయాలి గదా, అట్ల.

2022 ఏప్రిల్‌లో పెట్టిన రేట్లు చూడండి. మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1 రూపాయి 90 పైసలు. 31 నుంచి 75 దాకా 3 రూపాయలు. పైకి పోయేకొద్దీ పెరిగి, 400 దాటినవాటికి 9 రూపాయల 75 పైసలు. ఒక ఇంట్లో 60 యూనిట్లు కాలినాయి అనుకుందాం. మొదటి 30కి 57 రూపాయలు. తర్వాతి 30కి 90 రూపాయలు. మొత్తం 147. పలక మీద మీరే లెక్క వేసి చూడండి. కానీ బిల్లులో 147 ఉండదు, ఎక్కువ ఉంటుంది. ఫిక్సెడ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ, సుంకం కలుపుతారు. ఇంకో వరుసలో ఇంధన సర్దుబాటు అని ఉంటుంది. బొగ్గు ధర పెరిగినా, బజారులో ఎక్కువ పెట్టి కొన్నా ఆ తేడా ఆ వరుసలోకి వస్తుంది. 2023 నుంచి యూనిట్‌కు 40 పైసల చొప్పున అట్ల వేసినారు. 60 యూనిట్లకు 24 రూపాయలు. అది ఈ నెల వాడకానిది కాదు, వెనకటి నెలలది. ఎండకు, గాలికి ధర పెరగదు. ఆ వరుస ముఖ్యంగా బొగ్గు వరుస, సాయంత్రపు వరుస.

ఇంటి మిద్దె మీద సోలారు పెట్టుకుంటే ఎట్ల అని కూడా అడుగుతున్నారు. 2024 ఫిబ్రవరిలో కేంద్రం సూర్యఘర్ పథకం పెట్టింది. ఒక కిలోవాటుకు 30 వేలు, 3 కిలోవాట్లకు 78 వేల రూపాయలు సబ్సిడీ. ఒక కిలోవాటు పలకలు నెలకు సుమారు 120 యూనిట్లు ఇస్తాయి. మిగతా డబ్బు మనం పెట్టుకోవాలి. నెలకు 200, 300 యూనిట్లు కాల్చే ఇంటికి అది లాభమే. 60 యూనిట్ల ఇంటికి తొందర లేదు అంటాను. పైగా బ్యాటరీ లేకపోతే, వీధిలో కరెంటు పోయినప్పుడు మిద్దె మీది సోలారు కూడా ఆగిపోతుంది. తీగ మీద పని చేసే లైన్‌మన్‌కు షాకు కొట్టకుండా అట్ల ఏర్పాటు చేసినారు. అమ్మేవాళ్ళు ఈ మాట ముందుగా చెప్పరు. మనమే అడగాలి.

కరెంటు రేట్లు తేల్చేది విద్యుత్ నియంత్రణ మండలి. ప్రతి ఏడాదీ రేట్లు పెట్టేముందు జనం మాట వింటుంది. ఎవరైనా ఒక కాగితం మీద తమ అభ్యంతరం రాసి పంపవచ్చు. "మా ఊరి మోటార్లకు పగలే కరెంటు కావాలి" అని రాయవచ్చు. "మా వీధికి ఇంకో ట్రాన్స్‌ఫార్మర్ కావాలి" అనే అర్జీ అయితే మన సబ్‌స్టేషన్ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోవాలి. రాయడం ఇప్పుడు మన చేతిలో ఉంది.

వచ్చేసారి కలిసేటప్పుడు అందరూ మీ మీ కరెంటు బిల్లు తీసుకొని రండి. పాత రీడింగు, కొత్త రీడింగు ఎక్కడున్నాయో, ఇంధన సర్దుబాటు ఎంత వేసినారో వరుసగా చదువుదాం.