రెండు ఖండాలు, రెండు పచ్చని దేశాలు

హిమాలయాల ఒడిలో భూటాన్. దక్షిణ అమెరికా ఉత్తర తీరాన సురినామ్. రెండింటిలోనూ జనాభా పది లక్షల లోపే. విస్తీర్ణంలో సురినామ్ భూటాన్‌కు నాలుగు రెట్లు పైనే. అయినా రెండింటికీ అడవే సిరి.

భూటాన్‌లో దాదాపు 70 శాతం నేల అడవే. కనీసం 60 శాతం ఎప్పటికీ అడవిగానే ఉండాలని 2008 నాటి రాజ్యాంగంలోనే రాసుకున్నారు. 2016లో యువరాజు పుట్టినప్పుడు ప్రజలు 1,08,000 మొక్కలు నాటి పండగ చేసుకున్నారు. కొండవాలున చెట్లుంటే మట్టి కొట్టుకుపోదు, ఏటిలో నీరు నిలుస్తుంది. ఆ నీటితోనే కరెంటు తీసి మన దేశానికి అమ్ముతున్నారు.

సురినామ్‌లో 90 శాతానికి పైగా అడవే. జనం ఎక్కువగా తీరం వెంబడే ఉంటారు. లోపలంతా వానలు కురిసే దట్టమైన కారడవి. బొటనవేలంత నీలి కప్ప ఒకటి అక్కడి తడి రాళ్ల మీద మెరుస్తుంటుంది. 1998లో 16 లక్షల హెక్టార్లను రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. కానీ బంగారం తవ్వకాల్లో వాడే పాదరసం నదుల్లో కలిసి, చేపల ద్వారా మనుషుల్లోకి చేరుతోంది.

రెండు దేశాల అడవులూ ఆ దేశాలు వదిలే కార్బన్ కంటే ఎక్కువే పీల్చుకుంటాయి. ఆ మేలు ప్రపంచమంతటిదీ. కనుక ఆ అడవులను కాపాడే భారం ఆ చిన్న దేశాల మీదే వదిలేయకూడదు. అందులో మనకూ పాలుంది.