తరగతి గదిలో తెర – ఉపాధ్యాయుల మాట

 

“మన టేకులపల్లి బడిపిల్లలకు ఏదైనా టెక్నాలజీ పరికరం ఇవ్వాలనుకుంటున్నాం, ఏమిటిమ్మంటారు?” అని పెద్దలు మమ్మల్ని అడిగారు. మంచి ప్రశ్న. సాధారణంగా ఎవరూ అడగరు, డబ్బా తెచ్చి ఇచ్చి ఫొటో తీసుకుని వెళ్లిపోతారు.

బడిలో తెర కొత్తదేమీ కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు మన దేశంలో ‘సైట్’ అనే ప్రయోగం జరిగింది. ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు అందాయి. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు. తర్వాత మన టీవీ వచ్చింది, అదే నేడు టీ-శాట్. కరోనా కాలంలో 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలోనూ, టీ-శాట్‌లోనూ పాఠాలు వచ్చాయి. పాఠాలు బాగానే ఉన్నాయి. కానీ ఇంటికి ఉన్నది ఒక్క ఫోను, అది నాన్న జేబులో పొలానికో, కోయగూడెం గనికో పోయేది. టీవీ ఉన్న ఇంట్లోనూ పిల్లవాడికి అర్థంకాని చోట “ఆగండి సార్” అనే వీలు లేదు.

ఆ వీలు తరగతి గదిలో ఉంది. మేము చెప్పదలచినదంతా దాని గురించే.

మన మండలంలో పిల్లలు ఇంట్లో మాట్లాడేది ఒక్క తెలుగే కాదు. కోయ ఉంది, లంబాడీ ఉంది, మన ఇళ్లలో ఉర్దూ ఉంది. తెర మాత్రం పుస్తకాల తెలుగులోనో, ఇంగ్లీషులోనో గబగబా మాట్లాడుతుంది. నీటిచక్రం వీడియోనే తీసుకోండి. ‘బాష్పీభవనం’ అనగానే సగం తరగతి తలదించుకుంటుంది. అక్కడ వీడియో ఆపి “అన్నం గిన్నె మూత తీస్తే పైకి లేచేదేమిటి?” అని అడిగితే ఒకరు ఆవిరి అంటారు, ఇంకొకరు భాప్ అంటారు. మూతకు అంటిన బొట్లు ఎక్కడివో వాళ్లే చెబుతారు. అప్పుడు వీడియో మళ్లీ నడపాలి. గుండె కొట్టుకోవడం, భూమి తిరగడం వంటివి కంటికి చూపించడానికి తెరను మించినది లేదు. మొక్క మొలకెత్తడం చూపడానికి మాత్రం తెర ఎందుకు? కొబ్బరి చిప్పలో నాలుగు పెసలు చాలు.

పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్లున్నాయి. 2017లో మొదలైన దీక్షా వేదికలోని వీడియోలను ముందే దింపుకుని నెట్ లేకుండా చూపవచ్చు. అడవి అంచు గూడేల్లో సిగ్నల్ కోసం చెట్టెక్కాల్సిన చోట ఇదే దారి. అయితే ఏ వీడియో పనికొస్తుందో, ఎక్కడ ఆపాలో టీచరు ముందురోజే చూసుకోవాలి. అందుకు పట్టే గంట ఏ లెక్కలోనూ కనిపించదు.

కాబట్టి పిల్లలకు తలా ఒక ట్యాబ్ వద్దు. వెనక బెంచీకి వినబడే స్పీకరు, కరెంటు పోతే ఆదుకునే ఇన్వర్టరు, రెండు మూడు బడులు వంతులవారీగా వాడుకునే ఒక ప్రొజెక్టరు ఇప్పించండి. మరమ్మతులకు ఏటా కొంత పక్కన పెట్టండి, ఎందుకంటే కొనేవారు దొరుకుతారు, బాగుచేయించేవారు దొరకరు. నెలకో పూట చుట్టుపక్కల టీచర్లం కూర్చుని వీడియోలు చూసుకోవడానికి మీ హాలు తాళం ఇవ్వండి. చాయ్ మేమే తెచ్చుకుంటాం.