జీర్ణోద్ధారణ
(ధనుర్మాస సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఆలయ జీర్ణోద్ధారణను గురించి నాలుగు మాటలు చెప్పవలసిందిగా ధర్మకర్తలు నన్ను ఆదేశించారు. ఆగమ విషయం తప్పక మనవి చేస్తాను. దానికి ముందు మా ఇంటి స్నానాల గదిలో జరిగిన ఒక జీర్ణోద్ధారణను మీ ముందు ఉంచాలి. అందులో అపరాధం నాది. దానిని దైవసన్నిధిలో ఒప్పుకోవడమే నాకు శ్రేయస్సు.

మా తండ్రిగారి నాటి రాగి బాయిలరు మా ఇంట ఉన్నది. ఈ తరం పిల్లలు చూసి ఉండరు కనుక దాని తీరు చెబుతాను. నడుమ నిలువుగా ఒక గొట్టం, అందులో నిప్పు. దాని చుట్టూ నీరు. అడుగున ఇనుప ఊచల మీద బొగ్గు మండుతుంది, బూడిద కిందికి రాలుతుంది. పైనున్న మూతిలో చెంబెడు చన్నీళ్ళు పోస్తే అవి అడుగుకు దిగి, చెంబెడు వేడినీళ్ళను తొట్టిలోకి తోస్తాయి. 1871లో డాక్టర్ కింగ్ దొర ఇల్లెందు ప్రాంతంలో బొగ్గును గుర్తించిన నాటి నుండి మన సీమకు బొగ్గే బ్రతుకు. కొత్తగూడెంలో పుట్టి పెరిగిన నాకు నిప్పంటే భయం లేకపోయింది. ఆ నిర్భయమే ముప్పు తెచ్చింది.

కొన్నేళ్ళ క్రితం ఆ బాయిలరు అడుగు అతుకు వద్ద కారసాగింది. పనివానిని పిలిపించి మాటు వేయించాను. చింతపండుతో తోమించగా బంగారంలా మెరిసింది. జీర్ణోద్ధారణ అయిపోయిందని తృప్తి పడ్డాను. చలికి పెరట్లోకి పోలేక, వసారాలో ఉండే దానిని స్నానాల గదిలోకి మార్పించినదీ నేనే.

ధనుర్మాసం. తెల్లవారుజామున మా గృహిణి పొంగలి నైవేద్యం కోసం ముందుగా స్నానానికి వెళ్ళింది. తలుపు మూసి ఉన్నది, చలిగాలి రాకుండా కిటికీకి గోనెపట్టా కట్టి ఉన్నది. బొగ్గు పొగ విడిచి కణకణలాడుతున్నది. పొగ లేదు కదా, దోషం లేదనుకున్నాను. ఎంతసేపటికీ నీళ్ళ చప్పుడు లేదు. పిలిస్తే పలుకు లేదు. నా కేక విని పొరుగింటి పెద్దాయన పరుగున వచ్చారు. ఆయన సింగరేణి గనిలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవారు. భుజంతో తలుపు తోసి, ఊపిరి బిగబట్టి లోపలికి వెళ్ళి, ఆమెను వాకిట్లోకి తెచ్చారు. ఆసుపత్రిలో ప్రాణవాయువు పెట్టాక, మధ్యాహ్నానికి ఆమె నన్ను గుర్తుపట్టింది.

ఆనాటి సాయంత్రం ఆ పెద్దాయన అన్నారు: "అయ్యగారూ, పొగ కనపడకపోతే గ్యాసు లేదనుకుంటిరా? బాయిల దిగితే మొదలు గాలి నడుస్తున్నదా అని చూస్తం."

గాలి చాలక బొగ్గు మండితే కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువు స్థానాన్ని అది 200 రెట్లకు పైగా పట్టుతో ఆక్రమిస్తుంది. పూర్వం గనుల్లోకి పంజరంలో చిన్న పిట్టలను తీసుకుపోయింది ఇందుకే. మనిషి కంటే ముందు పిట్ట తూలుతుంది.

నేను ఎన్నో ఏళ్ళు అన్నంభట్టు తర్కసంగ్రహం పాఠం చెప్పినవాణ్ణి. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది. కాని నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉండదు, కాలిన ఇనుపగుండే అందుకు సాక్ష్యం. ఈ సంగతి శిష్యులచేత వల్లె వేయించాను. నా ఇంటి నిప్పు దగ్గర మాత్రం దానిని మరిచాను. పుస్తకంలోని విద్య పెరటిదాకా రాలేదు.

తరువాత అసలు మరమ్మతు జరిగింది. ఒక వృద్ధ కంచరి లోపలి సున్నపు పెచ్చును చెక్కసుత్తితో మెల్లగా తట్టి రాల్చాడు. గొట్టంలోని మసి తీశాడు. పాత మాటు విప్పి కొత్తది వేశాడు. రాత్రంతా నీరు నింపి ఉంచి, చుక్క కారలేదని చూసిన తరువాతనే నిప్పు వేయనిచ్చాడు. నీరు లేకుండా నిప్పు వేస్తే మాటు కరుగుతుందని హెచ్చరించాడు. బాయిలరు తిరిగి వసారాకు చేరింది. పైన రేకుగొట్టం కప్పును దాటింది. ఈసారి ఎవరూ దానిని తోమలేదు. మెరుపు లేదు, క్షేమం ఉన్నది.

ఇక ఆలయం మాట. జీర్ణోద్ధారణకు ముందు స్వామి కళను కుంభంలోకి ఆకర్షించి బాలాలయంలో నిలుపుతారు. యాదాద్రిలో 2016 నుండి 2022 మార్చి వరకు స్వామి బాలాలయంలోనే దర్శనమిచ్చాడు. ఎందుకు? లోపలి పని లోపలిదాకా జరగాలి గనుక. పై పూతతో సరిపోయేటట్లయితే స్వామి కదలవలసిన పని లేదు.

దాతలారా! గోపురానికి రంగు వేయించడానికి, తలుపులకు వెండి తొడుగు చేయించడానికి మీరు ముందుకు వస్తారు, అది పుణ్యమే. కాని వంటశాల పొగగొట్టానికి, పాత కరెంటు తీగలకు, దీపాలు వెలిగే మూసిన మండపంలో గాలి కిటికీకి దాత అరుదు. వాటి మీద పేరు చెక్కడానికి చోటుండదు. అయినా ప్రసాదం వండేవాని ఊపిరి కూడా స్వామిదే.

నేడు ఇంటికి వెళ్ళగానే మీ స్నానాల గది కిటికీ ఒకసారి తెరిచి చూడండి. గదిలో కుంపటి పెట్టుకుని తలుపు మూసి పడుకోకండి. నాకు దక్కిన పొరుగువాడు అందరికీ దక్కుతాడన్న నమ్మకం లేదు.

మా ఇంట ఈ ధనుర్మాసంలోనూ పొంగలి ఆమె చేతితోనే అయింది. స్వస్తి.