గుంటూరు చూసిన గ్రహణం, మన ఇళ్ళలో పట్టిన గ్రహణం
(సంఘం యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

మమ్మల్ని ఆడపిల్లల చదువు గురించి మాట్లాడమన్నారు. మేం గ్రహణం గురించి మాట్లాడతామన్నాం. ఎందుకో వింటే మీకే తెలుస్తుంది.

1868 ఆగస్టు 18న మన గుంటూరులో సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. పట్టపగలు ఐదు నిమిషాలకు పైగా చీకటి. దాన్ని చూడటానికి ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అనే శాస్త్రవేత్త ఓడెక్కి ఇంత దూరం వచ్చాడు. ఇంగ్లీషు వాళ్ళ తరఫున టెనెంట్ అనే సైనికాధికారి కూడా గుంటూరులోనే పరికరాలు పెట్టుకున్నాడు. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి పోగ్సన్ మచిలీపట్నంలో కూర్చున్నాడు. వాళ్ళ దగ్గర స్పెక్ట్రోస్కోపులున్నాయి. అంటే వెలుగుని రంగులుగా విడదీసి చూపే పరికరం. ఒక్కో మూలకానికి ఒక్కో తీరు గీతలుంటాయి, మనుషుల వేలిముద్రల్లాగ. ఆ గ్రహణంలో సూర్యుడి అంచున లేచిన మంటల వెలుగులో ఒక పసుపు గీత కనబడింది. అది సోడియం గీతకి దగ్గరగా ఉంది కానీ సరిగ్గా ఆ చోట లేదు.

"హీలియంని గుంటూరులో కనిపెట్టారు" అని ఒక్క ముక్కలో రాసేస్తుంటారు. మాకు ఆ మాట గర్వంగానే ఉంటుంది గానీ, పిల్లలకి పూర్తిగా చెప్పాలి. ఆ గీతలు ఎంత కాంతిగా ఉన్నాయో చూసిన జాన్సెన్, గ్రహణం లేకపోయినా వీటిని చూడొచ్చని గ్రహించి, మర్నాడే గుంటూరులో చూశాడు. అసలు గొప్ప అదీ. అదే ఏడు అక్టోబరులో లాక్యర్ ఇంగ్లండులో తన ఇంటి దగ్గర నుంచే చూశాడు. ఆ పసుపు గీత భూమ్మీద ఎవరూ ఎరగని మూలకానిదని అన్నది ఆయనే. సూర్యుడి గ్రీకు పేరు మీద దానికి హీలియం అని పేరొచ్చింది. రామ్సే అనే ఆయన దాన్ని భూమ్మీద పట్టుకునేసరికి 1895. ఒక ఊరిలో చూసిన దానికి అర్థం తేలడానికి 27 ఏళ్ళు పట్టిందన్నమాట.

ఇక మా హాస్టల్ సంగతి. 2019 డిసెంబరు 26, క్రిస్మస్ మరునాడు, పత్తి తీతలు నడుస్తున్న రోజులు. తమిళనాడు, కేరళ వాళ్ళకి ఉంగరంలాగ కనబడిన గ్రహణం మనకి పాక్షికం. ఉదయం ఎనిమిది దాటాక పట్టి పదకొండు దాటాక విడిచింది. తొమ్మిదిన్నర ప్రాంతంలో సూర్యుడిలో సగానికి పైగా లేదు. వంట చేసే అక్క గ్రహణం వేళ పొయ్యి వెలిగించనని ముందురోజే చెప్పేసింది. గొడవ పడలేదు. ఆరింటికే ఉప్మా చెయ్యమన్నాం, చేసింది. పిల్లలు తొమ్మిదింటికి వేపచెట్టు కింద కూర్చుని తిన్నారు. వాళ్ళ పళ్ళేల మీద, గౌన్ల మీద ఆకుల సందుల్లోంచి పడ్డ ఎండ మచ్చలన్నీ నెలవంకల్లా ఉన్నాయి. వంటింట్లో బియ్యం జల్లెడ తెచ్చి ఎండలో పట్టుకుంటే నేల మీద వందల నెలవంకలు. ఒక్కో బొక్కా ఒక్కో సూర్యుడి బొమ్మ. మసి పూసిన గాజు, ఎక్స్‌రే ఫిల్ము, పసుపు నీళ్ళ పళ్ళెం ఇవేవీ వద్దు. కంటి వెనక పొరకి నొప్పి తెలియదు, కాలిపోయాక గానీ బయటపడదు. ఐఎస్ఓ 12312-2 గుర్తున్న గ్రహణం కళ్ళద్దాలుంటే సరే, లేకపోతే జల్లెడే.

రోకలి పరీక్ష కూడా చేశాం. పళ్ళెంలో నీళ్ళు పోసి నిలబెడితే గ్రహణం ఉన్నంతసేపూ రోకలి నిలబడుతుందని టీవీల్లో చూపిస్తారు కదా. నిలబడింది. వచ్చే ఆదివారం అదే పళ్ళెం, అదే రోకలి, మళ్ళీ నిలబెట్టాం. నిలబడింది. "అయితే ఇవాళ కూడా గ్రహణమా మేడమ్?" అని ఒక చిన్నది అడిగింది. రోకలి అడుగు చదునుగా ఉంటే ఏ రోజైనా నిలబడుతుంది.

అక్కడిదాకా నవ్వులే. నవ్వలేని సంగతి ఇంకోటుంది.

ఈ మధ్య మా హాస్టల్లో చేరిన ఒక పాపకి పుట్టుకతో పెదవి చీలిక. మన వైపు దాని పేరే గ్రహణం మొర్రి. చిన్నప్పుడే పెదవి కుట్టించారు. మాట మాత్రం కొంచెం ముక్కుతో వస్తుంది. చేర్పించడానికి వచ్చినప్పుడు వాళ్ళమ్మ మా ముందు తల ఎత్తలేదు. "కడుపుతో ఉండి గ్రహణం నాడు చేలోకి పోయానంట మేడమ్, మా అత్త ఇప్పటికీ అంటది" అంది. ఎప్పుడు పోయావమ్మా అంటే ఆమెకే తెలీదు. పాప పుట్టింది 2014 సెప్టెంబరులో. లెక్క వేశాం. మన ప్రాంతంలో కనబడిన సూర్యగ్రహణం అంతకు ముందు 2010 జనవరి 15న, ఆ తర్వాత 2016 మార్చి 9న. చంద్రగ్రహణాలూ చూశాం. ఆమె మోసిన నెలల్లో ఏప్రిల్ 15న ఒకటొచ్చింది గానీ అప్పుడు మనకి పగలు, అసలు కనబడదు. అంటే ఆ తొమ్మిది నెలల్లో మన ఆకాశంలో గ్రహణమే లేదు. పదేళ్ళు ఆ తల్లి మోసిన నింద జరగని గ్రహణానిది. కాగితం మీద తేదీలు రాసి చేతిలో పెట్టాం. ఆమెకి చదువు రాదు. మడిచి జాకెట్లో పెట్టుకుంది.

బిడ్డ పెదవి కడుపులో నాలుగు నుంచి ఏడు వారాల మధ్య అతుక్కుంటుంది. అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే సరిగా తెలియదు. ప్రపంచమంతటా సుమారు 700 మంది పిల్లల్లో ఒకరికి ఈ చీలిక వస్తుంది, గ్రహణం ఊసే ఎరగని దేశాల్లో కూడా. వంశంలో ఉండటం, పొగతాగడం, కొన్ని మందులు, ఇలాంటివి కారణాలు కావచ్చు. చాలాసార్లు ఫలానా అని చెప్పలేరు. పెదవికి మూడు నుంచి ఆరు నెలల వయసులో, అంగిలికి ఏడాదిన్నర లోపు ఆపరేషన్ చేయించాలి. ఉచితంగా చేసే ఏర్పాట్లున్నాయి. మీ ఆశా కార్యకర్తని, పీహెచ్‌సీ డాక్టరుని అడగండి.

ఇంకో మాట. 2020 జూన్ 21 గ్రహణం పది దాటాక మొదలై ఒకటిన్నర దాటేదాకా ఉంది. మా దగ్గర చదువుకున్న అమ్మాయి అప్పుడు ఏడో నెల. తలుపులు మూసిన గదిలో కదలకుండా, చుక్క నీళ్ళు లేకుండా పడుకోబెట్టారు. దొంగతనంగా ఫోన్ చేసింది. వాళ్ళత్తగారిని ఫోన్ ఇమ్మన్నాం. "ఏమన్నా అయితే మీరొచ్చి సాకుతారా మేడమ్?" అందావిడ. ఆవిడ భయం నిజమైన భయమే. సైన్సు చెబితే వినే వేళ కాదది. "పెద్దమ్మా, ఆవకాయ జాడీలో దర్భ వేస్తారు కదా, నీళ్ళలో తులసాకు వేసి తాగించు" అన్నాం. తాగించింది. చదువుకున్నోళ్ళు మమ్మల్ని చూసి నవ్వితే నవ్వనీయండి. ఆ పిల్ల గొంతు తడిసింది. గ్రహణాల్లో కూడా తలుపులు తీసే ఉంచే శ్రీకాళహస్తి గుడి మన రాష్ట్రంలోనే ఉంది. ఆ సంగతి కూడా ఇలాంటి వేళ పనికొస్తుంది.

తమ్ముళ్ళూ, ఈ నీళ్ళ గ్లాసు పని ఆడపిల్లల మీదే వదిలెయ్యకండి. మీ వదిన, మీ భార్య ఆ గదిలో ఉన్నప్పుడు మీ అమ్మతో మాట్లాడాల్సింది మీరు. కోడలు చెబితే ఎదురు చెప్పిందంటారు. కొడుకు చెబితే వింటారు.

2027 ఆగస్టు 2 సాయంత్రం పూట పాక్షిక గ్రహణం ఉంది. పడమటి రాష్ట్రాల వాళ్ళకి కాస్త ఎక్కువ, మనకి చిన్న ముక్కే. వానాకాలం, మబ్బులుంటే అదీ లేదు. 2031 మే 21న కేరళ, దక్షిణ తమిళనాడు మీదుగా ఉంగరపు గ్రహణం వెళుతుంది. మనకి అది పెద్ద పాక్షికం, మిట్టమధ్యాహ్నం, రోహిణి ఎండలకి ముందు. ఆ రోజుకి మీ తండాలో, మీ గూడెంలో ఎవరెవరు కడుపుతో ఉన్నారో వారం ముందే కనుక్కుని పెట్టుకోండి. వాళ్ళ ఇళ్ళకి ముందురోజే వెళ్ళండి. జల్లెడ దొరక్కపోతే మా హాస్టల్ వంటింట్లో ఉంది, వచ్చి పట్టుకెళ్ళండి. తిరిగి తెచ్చివ్వండి, బియ్యం జల్లించుకోవాలి.