సందేహము - విశ్వాసము



సందేహము కలిగిన క్రైస్తవుడు క్రీస్తును విడువవలసినదేనా? దీనబంధు ఆండ్రూసుగారి జీవితమే దీనికి ఉత్తరము. 1904లో ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్ కళాశాలలో బోధింప వచ్చిన ఈ ఆంగ్ల పాదిరిగారు, తమ మతమును నమ్మనివారు నిత్యనాశనమొందుదురను విశ్వాసప్రమాణమును మనస్సాక్షికి విరుద్ధముగా పఠింపజాలక, 1914లో పాదిరి విధులను మానుకొని, శాంతినికేతనమున రవీంద్రుని చెంత చేరిరి. అన్యమతస్థుల భక్తిని గౌరవించిరి. క్రీస్తును మాత్రము విడువలేదు. 1936లో ఆ విధులను మరల చేపట్టిరి.

వర్తకులమైన మేము అంగడిలో తరతరములుగా కన్నడము, తమిళము మాటలాడుచున్నను మా యిండ్లలో తెలుగు నిలిచియున్నది. పొరుగువారి భక్తిని తెలిసికొన్నంతమాత్రమున మన విశ్వాసము చెడునా? కావున బిడ్డలు మతమును గూర్చి ప్రశ్నించినపుడు కసరక, ఓపికతో వినవలెనని పెద్దలను వేడుచున్నాము.