రాజీనామా మీద సంతకానికి ముందు



పిల్లలకు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చిందంటే మన బస్తీలలో మిఠాయిలు పంచుతాం. యాకుత్‌పురాలో రెండు గదుల ఇంట్లో మిషను కుట్టి చదివించిన తల్లికి అది నిజంగా పండుగే. కాని ఆ తరువాత మనం అడిగేది జీతం ఒక్కటే. ఏ వేళకు ఇల్లు చేరుతున్నారో, ఎందుకు మాట తగ్గిందో అడగం.

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి ఈ నగరంలో వేలాది ఇళ్లు రెండు గడియారాల మీద నడుస్తున్నాయి. అమెరికాలో తెల్లవారితే ఇక్కడ సమావేశం మొదలవుతుంది. ఆఫీసు దగ్గర అద్దె ఇల్లు అడిగితే పేరు వినగానే తలుపు మూసే యజమానులున్నారు గనుక, మన పిల్లలకు పనిగంటలపైన ప్రయాణం అదనపు భారం. 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టంలోని పనివేళల నిబంధనల నుండి ఐటీ సంస్థలకు ప్రభుత్వం మినహాయింపులిచ్చింది. అయితే అవి షరతులు లేని మినహాయింపులు కావు. వారానికి 48 గంటలు దాటితే అదనపు వేతనం ఇవ్వాలన్నది ఆ షరతులలో ఒకటి. అడిగినవారిని మేము ఇంతవరకు చూడలేదు.

మా వద్దకు వచ్చేవారు 'తొలగించారు' అనరు, 'రాజీనామా చేశాను' అంటారు. ఒక అమ్మాయిని సాయంత్రం ఒక గదిలోకి పిలిచారు. ఎదుట ఇద్దరు అధికారులు, ముందే టైపు చేసిన రాజీనామా. సంతకం చేయకపోతే అనుభవ పత్రం చెడుతుందన్నారు. నాన్నగారికి ఫోను చేసి అడుగుతానంటే, ఇది మీ నాన్నగారి ఉద్యోగం కాదన్నారు. సంతకం చేసింది. మూడు వారాలు ఇంట్లో చెప్పలేదు. రోజూ బ్యాగు తగిలించుకుని బయలుదేరి అఫ్జల్‌గంజ్ గ్రంథాలయంలో కూర్చునేది.

ఆనాటి గదిలోకి అన్ని మతాలవారూ పిలవబడ్డారని ఆమే చెప్పింది. కనుక ప్రతి తొలగింపునూ వివక్ష అనడం సరికాదు. వివక్ష జరిగిన చోట మాత్రం దారి ఇరుకు. రాజ్యాంగం 16వ అధికరణం ప్రభుత్వ ఉద్యోగాలకే వర్తిస్తుంది. ప్రైవేటు కొలువులలో మత వివక్షను నిషేధించే సమగ్ర కేంద్ర చట్టం లేదు. ఆ చట్టం కోసం మనం అడుగుతూనే ఉండాలి. తోటి ఉద్యోగుల సంఘాలలో చేరడానికి మాత్రం అంతవరకు ఆగనక్కరలేదు.

సాఫ్ట్‌వేర్ వారు కార్మికులు కారన్న మాట నమ్మకండి. 1947 పారిశ్రామిక వివాదాల చట్టమైనా, 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ అయినా సాంకేతిక పనిని కార్మికుని నిర్వచనంలో చేర్చాయి. పేరుకు మేనేజరైనా, న్యాయస్థానం చూసేది హోదాను కాదు, చేసే పనిని. బలవంతంగా తీసుకున్నదని రుజువైతే రాజీనామా రాజీనామాగా నిలవదు. అందుకే గదిలో గడువు అడగండి. సంతకం తప్పకపోతే ఆ రాత్రే, ఇష్టపూర్వకంగా చేయలేదని సంస్థకు ఈమెయిల్ రాయండి. నియామక పత్రం, జీతపు చీటీలు సొంత మెయిల్‌లో ఉంచుకోండి. కంపెనీ రహస్య పత్రాలను తాకవద్దు, అది వారి చేతికి మనమిచ్చే సాకు అవుతుంది.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఉద్యోగం పోయిందని పిల్లలు చెప్పిన రోజున పెళ్లి సంబంధం సంగతి ఎత్తకండి. ముందు ఆ ఈమెయిల్ రాయించి, కాగితాలు తీసుకుని కార్మిక శాఖ కార్యాలయానికి వారితో కలిసి వెళ్లండి. తోడు కావాలంటే మేము వస్తాము.